బల్లకి కూడా అర్థమైంది

“అర్థమైందా?” అన్న మాటని హైమావతి తన క్లాసులో మానేసి రెండేళ్ళయింది. పొరపాటున అది నోటిదాకా వస్తే నాలిక కరుచుకుంటుంది. ఇంగ్లీషు చెప్పే టీచరు ఆ మాట అనకుండా ఎలా నెట్టుకొస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి.

పలాసలో రైలు పట్టాలకి అవతల ఒక పాత జీడిపప్పు గోదాం ఉంది. ఎన్నిసార్లు సున్నం కొట్టినా గోడల్లోంచి జీడిపిక్కల నూనె వాసన పోదు. అందులోనే శిక్షణ కేంద్రం. అక్కడ చదివేది టైలు కట్టుకున్న పిల్లలు కాదు, మీసాలున్న మగాళ్ళు. వెల్డర్లు, ఫిట్టర్లు, క్రేను కొక్కేనికి బరువులు కట్టే రిగ్గర్లు. ఉద్దానం ఊళ్ళ నుంచి వచ్చి, నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని, దూరదేశాల్లో ఓడలు కట్టే యార్డులకి వెళ్తారు. అక్కడ ఫోర్‌మన్ ఒక దేశం వాడు, క్రేను నడిపేవాడు మరో దేశం వాడు. అందరికీ మధ్య ఇంగ్లీషే, కాకపోతే ఎవరి యాస వాళ్ళది.

మనవాళ్ళకి ఒక అలవాటుంది. పాఠం చెప్పినవాళ్ళు “అర్థమైందా?” అంటే, కాలేదని చెప్పరు. కాలేదంటే నీకు చెప్పడం చేతకాలేదని వాళ్ళ మొహాన అన్నట్టే. అంత మాట ఎవరంటారు? అందుకని గంగిరెద్దుల్లా తలూపుతారు. మర్యాద కొద్దీ ఊపుతారు. ఆ యార్డుల్లో మన మర్యాద ఎవడికి తెలుసు? తలూపాడంటే వీడికి తెలిసిందనే లెక్క. బరువు లేపేస్తారు.

రెండేళ్ళ కిందట లోకనాథం అనే కుర్రాడు అలాగే ఊపాడు. హైమావతి దగ్గర చదివినవాడే. గొలుసు కింద నుంచి తప్పుకోమని ఫోర్‌మన్ చెప్పాడు, వీడు నవ్వుతూ తలూపి అక్కడే నిలబడ్డాడు. పెట్టెలో ఇంటికొచ్చాడు. ఆ రోజు నుంచి హైమావతి ఎవర్నీ అర్థమైందా అని అడగడం మానేసింది. “ఇప్పుడు నువ్వేం చేస్తావో చేసి చూపించు” అంటుంది. గోదాం దూలానికి గొలుసు కప్పీ వేలాడదీసి, దానికి జీడిపిక్కల బస్తా కట్టించింది. ఇంగ్లీషులో ఒక ముక్క చెప్పడం, వాళ్ళు చేసి చూపించడం, తప్పయితే ఇంకా చిన్న మాటల్లో మళ్ళీ చెప్పడం. నత్తనడకే. ఒక్కో బ్యాచికి ఏడాది పట్టేది.

ఈ బ్యాచిలో ఆమె తమ్ముడు దండాసి కూడా ఉన్నాడు. రిగ్గరు పని నేర్చుకున్నాడు. కాబట్టి ఈసారి ఆమెకి పాఠం ఒక్కటే కాదు, ప్రాణం మీది సంగతి.

అలాంటప్పుడు వచ్చాడు డాక్టర్ సుధాంశు. బరంపురం మనిషి, మెదడు మీద పరిశోధన చేసినవాడు, తెలుగు మనలాగే మాట్లాడతాడు. ‘తేట’ అనే కంపెనీ తరఫున ఒక డబ్బా పట్టుకొచ్చాడు. డబ్బా నిండా బొట్టుబిళ్ళంత చిన్న చిన్న బిళ్ళలు. కణత మీద అంటిస్తే, విన్న మాట బుర్రకెక్కిన క్షణాన మెదడులో పుట్టే కదలికని పసిగట్టి నీలంగా వెలుగుతాయి. ఎక్కకపోతే వెలగవు. ఇక ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు మేడమ్, చూస్తే చాలు, అన్నాడు.

మొదటి రోజు హైమావతి బిళ్ళలంటించి, పది నిమిషాలు పాఠం చెప్పి, ఏళ్ళ తర్వాత ఆ ఒక్కసారికి కావాలనే ఆ మాట అడిగింది. అందరూ తలూపారు. బిళ్ళ ఒక్కటీ వెలగలేదు. ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్ళూ ఎంతమందికి ఇలా గోడకి చెప్పినట్టు చెప్పానో కదా అనుకుంది. నిజం చెప్పొద్దూ, ఆ యంత్రం మీద ఆమెకి ప్రేమ పుట్టింది.

అక్కణ్ణుంచి నాలుగు నెలలపాటు క్లాసు క్లాసులా నడిచింది. ఏ మాట దగ్గర బిళ్ళలు చీకటవుతున్నాయో చూసి అక్కడ ఆగేది. పొడుగు వాక్యం తుంచేది. చేత్తో చూపించేది, అవసరమైతే తనే బస్తా కింద దూరి బయటికి గెంతేది. ‘స్టాండ్ క్లియర్’, అంటే దూరంగా తప్పుకో, అన్న రెండు ముక్కలకి దండాసి బిళ్ళ మొదటిసారి వెలిగినప్పుడు క్లాసంతా చప్పట్లు కొట్టింది.

ఇంటి దగ్గర దండాసి పెళ్ళాం ఈశ్వరికి ఆ బిళ్ళ పెద్ద ఆటవస్తువైపోయింది. మొగుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, ఎండుచేపలు తెమ్మంటే నెత్తళ్ళు తెచ్చావు, నేను చెప్పింది కావళ్ళు, ఇప్పుడైనా బుర్రకెక్కిందా అని నిలదీసేది. బిళ్ళ వెలిగేది కాదు. “చూడండొదినా, నా మాట ఈయనకి పెళ్ళయిన కాడి నుంచీ ఇంతే” అని హైమావతికి చూపించి పడీపడీ నవ్వేది. దండాసి ఉడుక్కునేవాడు, బిళ్ళ పీకి జేబులో వేసుకునేవాడు.

ఆ తర్వాత కంపెనీకి తొందర పుట్టింది. యార్డు వాళ్ళు మనుషుల్ని త్వరగా పంపమంటున్నారు, చీకటి బిళ్ళలు చూపిస్తే ఎవడు కొంటాడు? సుధాంశు కొత్త డబ్బా తెచ్చాడు. ఇవి కాస్త సాయం కూడా చేస్తాయి మేడమ్ అన్నాడు. ఏం సాయమో వివరంగా చెప్పలేదు. చెప్పేటప్పుడు ఆమె కళ్ళలోకి కూడా చూడలేదు. ఆ రోజు హైమావతి అది గమనించలేదు.

గమనించడానికి తీరిక ఉంటే కదా! క్లాసు ఒక్కసారిగా పరుగందుకుంది. ఏం చెప్పినా బిళ్ళలు టపటపా వెలిగిపోతున్నాయి. మనుషుల మొహాలు విచ్చుకున్నాయి. వెనకబెంచీలో ఒదిగి కూర్చునేవాళ్ళు ముందుకొచ్చి కూర్చుంటున్నారు. దండాసి నడకే మారిపోయింది, రైలుస్టేషన్లో అనౌన్స్‌మెంట్లు వింటూ నిలబడి తనలో తను ముసిముసిగా నవ్వుకుంటున్నాడు.

ఒకరోజు హైమావతి అతన్ని బస్తా దగ్గర నిలబెట్టి, గొలుసు లాగిస్తూ, బరువు కింద నుంచి తప్పుకుని గీత వెనక్కి వెళ్ళమని ఇంగ్లీషులో చెప్పింది. బిళ్ళ ధగధగా వెలిగింది. దండాసి చక్కగా నవ్వి, సరిగ్గా బస్తా కిందికి వెళ్ళి నిలబడ్డాడు.

ఆమె ఒక్క అంగలో వెళ్ళి చొక్కా పట్టి బయటికి లాగింది. ఏమన్నానురా నేను అంటే, మీరు చెప్పినట్టే చేశాను కదా టీచర్, నాకు బాగా అర్థమైంది అన్నాడు. వాడి మొహంలో రవ్వంత అనుమానం లేదు. లోకనాథం మొహంలో కూడా ఇదే నవ్వుండి ఉంటుందనిపించింది ఆమెకి.

ఆ సాయంత్రం ఈశ్వరి బియ్యం ఏరుతూ తనంతట తనే ఎత్తుకుంది. ఈమధ్య ఆమె ఏమన్నా మొగుడు పోట్లాడటం లేదట. అన్నిటికీ సరేనంటున్నాడట. పొద్దున్న కోపమొచ్చి ఊరికే నోటికొచ్చిన అర్థంపర్థం లేని మాటలన్నా బిళ్ళ వెలిగిందట. “పోట్లాడినా బాగుణ్ణొదినా. ఆ నవ్వు సూస్తే నాకు బయమేస్తంది” అంది.

మర్నాడు హైమావతి క్లాసులో బల్ల ముందు నిలబడి, గొంతు సవరించుకుని, ఇంగ్లీషులా వినిపించే చెత్త మాట్లాడింది. ఏ భాషలోనూ లేని మాటలు, తలాతోకా లేనివి, యార్డు ఫోర్‌మన్ లాగా దర్జాగా. బిళ్ళలన్నీ వెలిగాయి, ఒక్కటీ మిగల్లేదు. మనుషులందరూ హాయిగా నవ్వుతున్నారు.

క్లాసయ్యాక ఒక బిళ్ళ తన కణతకే అంటించుకుని, ఫోనులో తనకి ఒక్క ముక్క రాని భాషలో వార్తలు పెట్టుకుంది. ఒక్క క్షణంలో తల తేలికైపోయింది. ఎండలో నడిచొచ్చి చల్లటి మజ్జిగ తాగినట్టుంది. ఆహా, తెలిసింది, అంతా తెలిసింది! ఏం తెలిసిందని తనని తను అడిగి చూసుకుంది. ఏమీ లేదు, సున్నా. సుఖం మాత్రం అలాగే ఉంది. అన్నిటికన్నా భయపెట్టిన సంగతేమిటంటే, ఆ బిళ్ళ తియ్యబుద్ధి కాలేదు.

సుధాంశుని పిలిపించి కడిగేసింది. అతను దాచలేదు. మాట అర్థమైనప్పుడు మెదడుకి ఒక చిన్న ఆనందం కలుగుతుంది, భయపడే మనిషికి ఆ ఆనందం దాకా వెళ్ళే ధైర్యముండదు, అందుకని మాట చెవిన పడగానే బిళ్ళే వెలిగి, ముందుగా ఆ ఆనందాన్ని ఇచ్చేస్తుంది, భయం పోతే అర్థం దానంతటదే వెనకాల వస్తుందని మా ఆశ అన్నాడు. వెనకాల రాకపోతే? అంది. అతను తల వంచుకుని మిగతాదీ చెప్పాడు. యార్డులో కూడా ఫోర్‌మన్ మనిషిని అడగడట, బిళ్ళ చూసి బరువు లేపుతాడట. ఒప్పందం కుదిరిపోయిందట. వచ్చే వారం మా కంపెనీ ఛైర్మన్ చక్రపాణి గారు యార్డు ఇన్‌స్పెక్టరుని తీసుకొస్తున్నారు, మన చేతుల్లో ఏమీ లేదు మేడమ్ అన్నాడు.

“మీ చేతుల్లో లేదేమో. నా క్లాసు నా చేతుల్లోనే ఉంది” అంది హైమావతి.

అనడమైతే అంది గానీ, మర్నాడు బిళ్ళలు తీసెయ్యమంటే ఒక్కరూ చెయ్యెత్తలేదు. కంపెనీ చేస్తున్న కుట్ర చెప్పింది, చెత్త మాటల సంగతి చెప్పింది, బతిమాలింది. అందరూ నేల చూపులు చూశారు. చివరికి దండాసే లేచాడు. క్లాసులో టీచరనే పిలిచేవాడు, ఆ రోజు మర్చిపోయి ఇంట్లో అక్కని పిలిచినట్టే పిలిచాడు.

“అప్పా, సిన్నప్పుడు నాకేదీ బుర్రకెక్కదని మేష్టరు బెంచీ మీద నిలబెట్టీవోడు. అందరూ నవ్వీవోరు. ఇన్నాళ్ళకి నాకూ తెలుస్తందన్న సుకం దొరికింది. అది అబద్దమే అవనీ. దాన్నీ లాగీసుకుంటావేటి?”

ఏ టీచరు దగ్గర మాత్రం దానికి జవాబుంటుంది? బెంచీ ఎక్కించింది హైమావతిలాంటి టీచర్లే. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

అప్పుడు లేచాడు తవిటయ్య. క్లాసులో అందరికన్నా పెద్దవాడు, వెల్డరు, ఇదివరకు ఒకసారి ఆ యార్డుకి వెళ్ళొచ్చినవాడు. లోకనాథం పోయినప్పుడు పక్కనే ఉన్నాడని అందరికీ తెలుసు, అడిగే ధైర్యం మాత్రం ఎవరూ చెయ్యలేదు.

“ఆ ఫోర్‌మన్ దొర సెప్పినప్పుడు నానూ తలూపినానమ్మా” అన్నాడు. “ఏటి సెప్పినాడో నాకూ తెలీలేదు. తెలీలేదని నానొక్క మాట అనుంటే దొర మళ్ళీ సెప్పీవోడు. గుంటడు బతికీవోడు.”

తవిటయ్య కణత మీది బిళ్ళ పీకి బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. దండాసి అందరికన్నా ఆఖర్న వచ్చాడు, అక్క మొహం చూడకుండా పెట్టి వెళ్ళాడు.

ఇక ఆ వారమంతా ఆమె నేర్పింది ఒకే ఒక్క వాక్యం. ఐ డూ నాట్ అండర్‌స్టాండ్, ప్లీజ్ సే ఎగైన్. పలకడం సులువే, దాన్ని ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి అనడం ఉందే, అది గండం. నన్నే అవమానించండి, నాకు చెప్పడం చేతకాలేదని నా మొహాన అనండి, అని వాళ్ళ ముందు కూర్చుంది. ఒకడు మెడ గోక్కున్నాడు. ఒకడు గోడకేసి చూసి చెప్పాడు. తవిటయ్యయితే ముందు రెండు చేతులూ జోడించి, తప్పయితే క్షమించమ్మా అని, ఆ తర్వాత అర్థం కాలేదన్నాడు. క్లాసంతా గొల్లుమంది. అలాగే కానీ, చేతులు జోడించే చెప్పు, చెప్పడం మాత్రం మానకు అంది హైమావతి.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. ఛైర్మన్ వచ్చే రోజు బిళ్ళలు తప్పనిసరిగా పెట్టుకోవాల్సిందేనని కబురొచ్చింది. అంటే ఆ సుఖం మళ్ళీ వస్తుంది, ఏమీ తెలియకపోయినా అంతా తెలిసినట్టే ఉంటుంది. ఆమె దానికీ ఒక ఉపాయం చెప్పింది. “అప్పుడు తలని అడక్కండి. చేతుల్ని అడగండి. ఇప్పుడు ఏం చెయ్యాలో చేతులకి తెలియకపోతే, మీకు తెలియనట్టే.”

ఆ రోజు రానే వచ్చింది. చక్రపాణి గారు తెల్లచొక్కాలో మెరిసిపోతూ దిగారు. వెంట హెల్గా అనే ఇన్‌స్పెక్టరు, ఏభై దాటిన మనిషి, నెత్తిన హెల్మెట్, చేతిలో హారను. సుధాంశు వెనకాల బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాడు. జనాన్ని వరసగా నిలబెట్టి బిళ్ళలంటించారు. హైమావతిని ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టి, మాట్లాడొద్దన్నారు. ఆమె చీర కొంగు చేతికి చుట్టుకుని కూర్చుంది. వీళ్ళు అంటారా? అనగలరా? ఆ మజ్జిగలాంటి చల్లదనం ఎంత బలమైందో ఆమెకి తెలుసు.

కొక్కేనికి బస్తా కట్టారు. దండాసి చేతికి తాడిచ్చి దాని పక్కన నిలబెట్టారు. హెల్గా గడగడా చెప్పుకుపోయింది. హారను ఒకసారి మోగితే ఏదో, రెండుసార్లు మోగితే ఇంకేదో, తాడు, గీత, వెనక్కి. ఆ యాస హైమావతికే సగం అందలేదు. చెప్పడం పూర్తయిందో లేదో దండాసి బిళ్ళ నీలంగా భగ్గుమంది. చక్రపాణి గారు, చూశారా అన్నట్టు, ఇన్‌స్పెక్టరు వైపు చెయ్యి చాపారు. బస్తా నెమ్మదిగా పైకి లేచింది. హెల్గా హారను ఎత్తింది.

దండాసి మొహం మీద ఆ నవ్వు పరుచుకుంటోంది. హైమావతి కళ్ళు మూసుకుందామనుకుంది, మూసుకోలేకపోయింది.

వాడు తల వంచి తన చేతుల వంక చూసుకున్నాడు. తాడు పట్టుకున్న రెండు చేతులు. వదలాలా, పట్టుకోవాలా? చూస్తూనే ఉన్నాడు. నవ్వు కొంచెం కొంచెంగా చెరిగిపోయింది. అప్పుడు ఒక చెయ్యి ఎత్తి, కణత మీది బిళ్ళ పీకి, పక్కనున్న బల్ల మీద పెట్టాడు.

“మేడమ్, ఐ డూ నాట్ అండర్‌స్టాండ్. ప్లీజ్ సే ఎగైన్. స్లో.”

ఆవిడ కళ్ళలోకి చూసే అన్నాడు.

చక్రపాణి గారు నవ్వేశారు. కుర్రాడు కంగారు పడ్డాడు, వాడికి అర్థమైంది, బిళ్ళ చూడండి అన్నారు. అందరూ బల్ల వైపు చూశారు. బిళ్ళ ఇంకా వెలుగుతూనే ఉంది. తల లేదు, మనిషి లేడు, జీడిపాల మరకలు పడిన చెక్క మీద నిమ్మళంగా నీలంగా వెలుగుతోంది.

“అవునండి” అన్నాడు దండాసి. “బల్లకి కూడా అర్థమైంది.”

వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. హెల్గాకి తెలుగు రాదు గానీ బల్ల కనిపిస్తోంది కదా, ఎత్తిన హారను దించేసింది. సుధాంశు ముందుకొచ్చి, బల్ల మీది బిళ్ళ వంక చూసి, బస్తాని కిందికి దించమని గొలుసు దగ్గర వాళ్ళకి తనే చెప్పాడు.

అప్పుడు చక్రపాణి గారికి కోపం నషాళానికంటింది. అందరి వైపూ తిరిగి ఇంగ్లీషులో ఎత్తుకున్నారు. ఒప్పందమన్నారు, నష్టమన్నారు, వీసాలు ఆగిపోతాయన్నారు, ఈ గోదాం రేపు మూతపడుతుందన్నారు, ఈ టీచరుకి ఇంకెక్కడా పని దొరకదన్నారు. పొడుగు పొడుగు మాటలు, ఊపిరి తీసుకోకుండా. వరసలో బిళ్ళలు మాత్రం ఆయన తిట్లకి మిలమిలా వెలుగుతున్నాయి. ఆఖర్న వేలు చూపించి, పెద్ద గొంతుతో, తెలుగులో, ఆ గోదాంలో హైమావతి రెండేళ్ళ కిందటే మానేసిన మాట అన్నారు.

“అర్థమైందా?”

తవిటయ్య ఒక అడుగు ముందుకేశాడు. బిళ్ళ పీకి బల్ల మీద పెట్టాడు. రెండు చేతులూ జోడించాడు.

“తప్పయితే చెమించండి బావూ. ఐ డూ నాట్ అండర్‌స్టాండ్. ప్లీజ్ సే ఎగైన్.”

ఆయన వెనక ఇంకొకడు, వాడి వెనక మరొకడు. చేతులు జోడించడం, బిళ్ళ పెట్టడం, ఆ ఒక్క వాక్యం. వెనకబెంచీలో ఏళ్ళ తరబడి నోరు విప్పనివాళ్ళు కూడా ఛైర్మన్ గారి కళ్ళలోకి చూసి, యాస ఎలా ఉన్నా సరే, మాట విరిచి విరిచి స్పష్టంగా అన్నారు. బల్ల నిండా నీలం బిళ్ళలు వెలుగుతున్నాయి. ఒక్కరి తలా ఊగలేదు.

హైమావతి కుర్చీలోంచి లేచి వచ్చి తమ్ముడి పక్కన నిలబడింది.

“మళ్ళీ చెప్పండి సార్” అంది. “చిన్న చిన్న మాటల్లో చెప్పండి. మావాళ్ళకి తొందరేం లేదు.”